బోనఫైడ్

కాశీబుగ్గ బస్టాండు ఎదురు వీధిలో
రెండు చాపల వెడల్పు నా కొట్టు.
ఒక చాపంత కంప్యూటర్లు, రెండో చాపంత నేను.

జూన్ వస్తే కంపెనీవాడు బేనరు పంపుతాడు,
విద్యార్థులకు ఎనిమిది శాతం తగ్గింపని.
అందులో నవ్వే పిల్లకి
జీడిబట్టీ పొగ ఎన్నడూ తగిలినట్టు లేదు.
మేకు కొట్టేది నేను,
శాతం లెక్కగట్టేది నేను,
మిగిలేది మాత్రం అడక్కండి.
రెండు టీలు, ఒక మౌస్ ప్యాడ్.

నిన్న మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు వచ్చారు.
తల్లి చెప్పులు గుమ్మం బయటే విడిచింది.
వద్దన్నా వినలేదు.
వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి,
జీడిసొన తినేసిన గీతలు.

కూతురు ఢిల్లేశ్వరి ఫోను చూపించింది:
"దీంట్లో తొమ్మిది వందలు తక్కువండి."
తక్కువే. కాదనను.
ఫోన్లో ఉన్న కొట్టుకి అద్దె లేదు, వాన పడదు.
తిత్లీ గాలికి నా రేకులు లేచిపోయిన ఏడు
ఊళ్ళోవాళ్ళ తడిసిన మదర్‌బోర్డులు పదహారు
మేడ మీద ఎండబోశాను, జీడిపిక్కల్లాగే,
గంటకోసారి తిరగేస్తూ.
తొమ్మిది బతికాయి.
ఎవరికీ బిల్లు రాయలేదు,
రాద్దామంటే పుస్తకమూ తడిసింది.
ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు.
"పాడైతే సైకిలేసుకుని నేనే వస్తా" అన్నాను.
అంతే.

కార్డు అడిగాను.
ఇంటర్ కార్డు. మే ముప్పై ఒకటితో గడువు సరి.
డిగ్రీ సీటు ఆగస్టులో.
"ఈ రెండు నెల్లూ నేను స్టూడెంట్ని కానాండీ?"
ఆ ప్రశ్నకి కంపెనీ ఫారంలో గడి లేదు.
ఎక్కిస్తే ఎర్ర అక్షరాలు.
విశాఖ ఆఫీసుకి ఫోను కొట్టాను.
బోనఫైడ్ కావాలి సార్,
బోనఫైడ్ లేకపోతే అవదు సార్.
కాలేజీకి తాళం,
తాళం ఉన్న గుమాస్తా అత్తవారూరు పోయాడు.

సరే, వాయిదాలకి పెడదామన్నాను.
తల్లి వేలిముద్ర వేసింది.
మిషను ఒప్పుకోలేదు.
బొటనవేలు, చూపుడువేలు, ఎడంచెయ్యి,
కొంగుకి తుడిచి మళ్ళీ,
ఎంగిలితో తడిపి మళ్ళీ.
మనిషి నా ఎదురుగా కూర్చునే ఉంది.
ఎవరూ లేరంటుంది మిషను.

అప్పుడామె
రొంటినున్న చిన్న సంచీ తీసింది.
నోట్లనుకున్నాను.
నోట్లూ ఉన్నాయి, జీడి వాసనతో.
వాటి మధ్య పాలిథీన్ కవర్లో మడత పడని కార్డు:
బెండి తవిటమ్మ, ఓపెన్ స్కూలు, పదో తరగతి.
ఫోటోలో బొట్టు కాస్త వంకర.
గడువు వచ్చే మార్చి దాకా.

"ఏటి బాబూ, ఇది సెల్దేటి?
రేతిరి బడికి ఎల్తన్నాను.
లెక్కలొక్కటీ పోనాయి."

"నైట్ డూటీ అన్నావు కదే అమ్మా?"
తల్లి అటు తిరగలేదు.
నా కంప్యూటరు కేసే చూస్తోంది,
రిజల్టు కోసం చూసినట్టు.

పచ్చ టిక్కు పడింది.
ఇరవై ఎనిమిది వేలలో
రెండు వేల రెండు వందల నలభై పోయాయి.
బిల్లు నెంబరు మూడొందల పద్దెనిమిది.
వృత్తి అన్న గడిలో
విద్యార్థిని అని కొట్టాను.
సంతకం పెట్టమంటే
ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది,
తొందర లేకుండా,
కింద స్కేలు పెట్టినట్టు గీత కూడా గీసి.

ఆటోలో మానిటరు తల్లి ఒళ్ళో,
కీబోర్డు పెట్టె కూతురి ఒళ్ళో.
"లెక్కల్లో ఎన్నొచ్చాయే?" అని పిల్ల అడుగుతోంది.
జవాబు వినపడలేదు,
పర్లాకిమిడి బస్సువాడు హారను మీద కూర్చున్నాడు.

కొట్టులోకి వచ్చి చూస్తే
మౌస్ ప్యాడ్ బల్ల మీదే ఉండిపోయింది.
ఆదివారం సైకిలు తియ్యాలి.